పన్నెండో మెట్టు

ఆ వేసవిలో నేను కట్టించిన మెట్లు మా ఊరి పిల్లలందరికీ లెక్కలు నేర్పాయి. ఇంకా బడిలో చేరని పిల్లలు, చెప్పులు కుడిఎడమలు చూసి తొడుక్కోవడం రాని పిల్లలు, పన్నెండు నుంచి ఒకటి దాకా వెనక్కి గడగడా అప్పజెప్పేవారు. ఊరంతా మురిసిపోయింది. ఆ లెక్క తప్పు అన్నవాడు మా నాన్న ఒక్కడే. ఆయన మాట నా చెవిన పడలేదని ఇప్పుడు బుకాయించను. శుభ్రంగా విన్నాను, విని తోసిపారేశాను.

సముద్రం ఒడ్డున ఉన్న మా ఊరు పోర్ట్ రెనాల్‌లో నేను చిన్నపిల్లల బడి టీచర్ని. మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ దాకా పిల్లలు మా దగ్గర ఉంటారు. మా అనడం ఎందుకంటే జెర్మెన్ కూడా ఉంది. పిల్లల ముక్కులు తుడిచేదీ, ఎంతమంది ఉన్నారో తలల లెక్క తప్పకుండా చూసుకునేదీ ఆవిడే. నేను పుస్తకాలు చదివి పెద్ద పెద్ద ఆలోచనలు చేసేదాన్ని. పిల్లలు ఆడుకుంటూ నేర్చుకునే చోట్లు నలుగురూ తిరిగే జాగాల్లో కట్టమని ఆ ఏడు ప్రభుత్వం ఊళ్ళకి డబ్బిచ్చింది. మా ఊరికి రావడానికి కారణం నేను రాసిన దరఖాస్తే. అది నా గొప్ప. ఆ గొప్ప ఎంతగా నెత్తికెక్కిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మార్చిలో ఒక సాయంత్రం, అట్టముక్కలతో చేసిన నమూనా వంటింటి బల్ల మీద పెట్టి నాన్నకి చూపించాను. సముద్రం ఊళ్ళోకి రాకుండా కట్టిన గోడ మీంచి కిందికి దిగే పన్నెండు వెడల్పాటి మెట్లు. ప్రతి మెట్టుకీ ఒక అంకె, ఒక ఆకారం, ఒక చేప బొమ్మ. పైమెట్టు ఒకటి, బురదకి ఆనుకున్న అడుగుమెట్టు పన్నెండు. పోటు ఎక్కుతుంటే మెట్లు ఒక్కొక్కటే మునుగుతాయి. పిల్లలు కూర్చుని చూస్తారు, లెక్కపెడతారు, తర్వాత ఏ చేప మునుగుతుందో పందెం కాస్తారు. పెద్దవాళ్ళు పక్కన కూర్చుని మాట కలుపుతారు. ఆ వయసు పిల్లలకి అంతకంటే ఏం కావాలి? రూలు ఒక్కటే పెట్టాను. పన్నెండు పొడిగా ఉన్నంతసేపూ కింద బురదలో ఆడుకోవచ్చు. పన్నెండు తడిస్తే అందరూ పైకి.

నాన్న టీ కప్పు పట్టుకుని బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన పేరు ఆల్ఫే. అప్పటికి డెబ్బై మూడేళ్ళు. పదిహేనో ఏట నుంచీ, ఆటు వేళ బయటపడే బురదలో తినే గుల్లలు తవ్వి అమ్మినవాడు.

"పిల్లలు ఎటు చూసి కూచుంటారు?" అన్నాడు.

"సముద్రం వైపు. ఇంకెటు?"

"ఊఁ" అన్నాడు.

ఆ "ఊఁ" నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. మా ఊళ్ళో గుల్లలు తవ్వేవాళ్ళు సముద్రానికి వీపు పెట్టి, ఊరివైపు మొహం పెట్టి తవ్వుతారు. బయటివాళ్ళు చూసి నవ్వుతారు, నీళ్ళొచ్చేది అటునుంచైతే వీళ్ళేంటి ఇటు చూస్తున్నారని. నాకు ఐదారేళ్ళప్పుడు నాన్న నన్ను బురదలోకి తీసుకెళ్ళేవాడు. నేను అలల్ని చూద్దామని తల తిప్పితే రెండు భుజాలూ పట్టుకుని మళ్ళీ ఊరివైపు తిప్పేవాడు. అంత పెద్ద సముద్రం పక్కనుండగా చేపల కార్ఖానా వెనకగోడ చూస్తూ పెరిగాను. ఆ కోపం నాలో చాలాకాలం ఉంది. ఆ మెట్లు గీసినప్పుడు నా చేతిని నడిపింది పుస్తకాల చదువు ఎంతో, ఆ కోపమూ అంతే.

నాన్న కప్పులో మిగిలిన టీని బల్ల మీద, నమూనాకి జానెడు దూరంలో, నెమ్మదిగా ఒంపాడు. మా బల్ల మధ్యలో కొంచెం దిగి ఉంటుంది. టీ నేరుగా మెట్ల వైపు రాలేదు. పక్కగా జారి, మెట్లకి ఇవతల ఉన్న పల్లంలో చేరింది. అక్కడ నిండిన తర్వాతే అడుగుమెట్టు అట్టని తాకింది.

"చూశావా? ఈ మెట్టు తడిసేసరికి వెనకపాయ నిండి అరగంట దాటుద్దే, అమ్మాయ్. దిబ్బ మీద ఎవరన్నా ఉంటే వాళ్ళకి తిరిగొచ్చే దారుండదు. నీ మెట్టు మాత్రం పొడిగా ఉంటది."

వెనకపాయ అంటే గోడకి నూట యాభై అడుగుల అవతల బురదని కోసుకుంటూ పోయే సన్నటి పాయ. ఆటు వేళ అందులో చీలమండ కూడా తడవదు. దాని అవతల ఇసుక దిబ్బ. పోటు మొదలైనప్పుడు నీళ్ళు ముందు పక్కనుంచి చడీచప్పుడూ లేకుండా ఆ పాయలోకి వస్తాయి. దిబ్బ మీద నిలబడి సముద్రం వైపు చూసేవాళ్ళకి అల ఎక్కడో దూరంగా ఉన్నట్టే ఉంటుంది. నాకు ఇదంతా తెలుసు. గుల్లలవాడి కూతుర్ని, నాకు తెలియకపోవడమేంటి?

"పిల్లలు అంతదూరం పోరు నాన్నా. ముప్పై అడుగుల దగ్గర తాడు కడుతున్నాం. బోర్డు కూడా పెడుతున్నాం."

"మొన్న ఊరి కౌన్సిల్లో నువ్వే కదే చెప్పావు, పిల్లలు బోర్డులు చదవరు, చోటు ఏం చెబితే అదే వింటారని?"

నా మాట నాకే అప్పజెప్పేసరికి ఒళ్ళు మండింది. మరి ఏం చెయ్యమంటావు అన్నాను. లెక్క మెట్ల దగ్గర కాదు, పాయ దగ్గర మొదలుపెట్టమన్నాడు. అక్కడో గుంజ పాతి రంగులు వెయ్యమన్నాడు. కూర్చునే మెట్లు ఊరివైపు తిప్పమన్నాడు. వెనక్కి చూసుకోవడం పిల్లలకి అలవాటు కావాలట. అప్పుడు పిల్లలు చూసేది కార్ఖానా వెనకగోడే కదా అని నేను నవ్వాను. గుడ్డ తెచ్చి టీ తుడిచేశాను. ఆయన కప్పు కడిగి బోర్లించి వెళ్ళి పడుకున్నాడు.

జూన్ మొదటి వారంలో మెట్లు తెరిచాం. అంకెలు నీలం పలకలు, సిమెంటులో పొదిగించాను. చేపల పొలుసులు చేత్తో తడిమితే తెలిసేలా చెక్కించాను. మెట్ల పక్కన నీళ్ళ చప్పుడు వినడానికి ఒక గొట్టం, నడవడానికి ఒక దుంగ. మొదటి వారంలోనే పిల్లలు రూలుని పాటలా పాడటం మొదలుపెట్టారు. పడవల మీద పనిచేసేవాళ్ళు కూడా గోడ మీద సిగరెట్టు కాల్చుకుంటూ "తొమ్మిది పోయింది, ఎనిమిది పోతోంది" అని పిల్లలతో కలిసి లెక్కపెట్టేవారు. అంతకుముందు తమ పిల్లలతో నాలుగు ముక్కలు కలిపి మాట్లాడని మగవాళ్ళు వాళ్ళు. అది నిజంగా మంచి సంగతి. మంచిది కాబట్టే నాకు ఇంకేదీ కనబడలేదు.

నా కూతురు డెల్ఫీన్‌కి అప్పుడు నాలుగున్నరేళ్ళు. వాళ్ళ నాన్న చేపల ఓడ మీద నెలల తరబడి బయటే ఉంటాడు కాబట్టి అది తాతయ్య కొంగు పట్టుకుని తిరిగేది, తాతయ్యకి కొంగుంటే. పొద్దున లేవగానే కిటికీ ఎక్కి నీళ్ళు ఎన్నో మెట్టు దాకా ఉన్నాయో చూసి మాకు చెప్పేది. వాతావరణం వార్తలు చెప్పేవాళ్ళకి కూడా అంత గంభీరమైన గొంతు ఉండదు. నాన్న తల ఊపి "పాయ ఎంతలో ఉంది?" అనేవాడు. "పాయకి అంకెల్లేవు తాతయ్యా" అనేది అది. అంకెలు లేనిది దానికి లేనట్టే.

జూన్ మూడో వారంలో నాన్న ఒక కర్ర చెక్కి తీసుకెళ్ళి వెనకపాయ ఒడ్డున పాతాడు. గుల్లలవాళ్ళ పాత అలవాటే అది. బురదలోకి దిగేముందు పాయ పక్కన ఒక కర్ర పాతి, ఒక్కో బుట్ట నిండగానే తలెత్తి ఆ కర్రని చూస్తారు. దాని మొదలు తడిసిందంటే బుట్ట ఎంత ఖాళీగా ఉన్నా తిరిగి వచ్చేస్తారు. నాన్న దాని చివర ఎర్రగుడ్డ కట్టాడు. మర్నాడు పొద్దున నేను బూట్లు వేసుకుని వెళ్ళి ఆ కర్ర పీకేశాను. మొన వాడిగా ఉంది, పిల్లల కంట్లో గుచ్చుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం వేరు. మెట్ల మీద నిలబడి చూసేవాళ్ళకి ఆ ఎర్రగుడ్డ నా లెక్కని వెక్కిరిస్తున్నట్టు కనిపించింది.

రెండు రోజుల తర్వాత ఇంకో కర్ర. అదీ పీకాను. మూడోది పాతాడు, మూడోదీ పీకి గోడ పక్కన పడేశాను. దీని గురించి ఇంట్లో మేం ఒక్క మాట కూడా అనుకోలేదు. చేపల పులుసు వడ్డించుకుంటూ, ఉప్పు అందించుకుంటూ, మామూలుగానే ఉన్నాం. ఆ మామూలుతనంలో నాకు అన్నం సహించేది కాదు.

తర్వాత ఆయన పద్ధతి మార్చాడు. మధ్యాహ్నం పూట వచ్చి గోడ మీద కూర్చుని పిల్లల్ని పోగేసేవాడు. తను కుర్రవాడిగా ఉన్నప్పుడు ఇద్దరు అన్నదమ్ములు దిబ్బ మీద చిక్కుకుపోయిన సంగతి, వాళ్ళ అరుపులు ఊళ్ళోకి ఎంతసేపు వినబడ్డాయో, ఎప్పుడు ఆగిపోయాయో చెప్పేవాడు. ఆ సాయంత్రం ఒక పిల్ల పక్క తడిపిందని తల్లి వచ్చి మొత్తుకుంది. నేను ఇంటికెళ్ళి నాన్న ముందు నిలబడ్డాను.

"పిల్లల్ని భయపెట్టకు నాన్నా. భయంతో ఏదీ నేర్చుకోరు. ఇది నీకు తెలిసిన పని కాదు, నాకు తెలిసిన పని."

"నువ్వు నేర్చుకున్నావు కదే, భయంతోనే" అన్నాడు.

"అందుకే వద్దంటున్నాను."

ఆ మాటకి ఆయన లొంగిపోయాడు. మళ్ళీ కర్ర పాతలేదు, కథ చెప్పలేదు. రోజూ వచ్చి గోడ మీద కూర్చునేవాడు, అంతే. పిల్లలందరూ సముద్రం వైపు చూస్తుంటే ఆయన ఒక్కడూ వాళ్ళ పక్కన ఊరివైపు తిరిగి, అప్పుడప్పుడూ మెడ తిప్పి పాయని చూసేవాడు. చూసినవాళ్ళు ముసలాయనకి మతి తప్పుతోందని నాతో అన్నారు. నేను కాదనలేదు. ఇవాళ నన్ను ఎక్కువగా కోసేది అదే.

జులైలో హాలిఫాక్స్ నగరం నుంచి ఒకావిడ వచ్చింది, పిల్లలు ఏమేం నేర్చుకున్నారో పరీక్షించి రాసుకోవడానికి. నెమ్మదైన మనిషి. పిల్లలతో నేల మీద కూర్చుని మాట్లాడింది. లెక్కలు, ఆకారాలు, ముందు ఏది తర్వాత ఏది, అన్నీ అడిగింది. ఒక్క పిల్ల కూడా తడుముకోలేదు. చివరికి నీళ్ళు ఎటునుంచి వస్తాయో చూపించమంది. ఇరవై ఇద్దరు పిల్లలూ చెయ్యెత్తి ఎదురుగా సముద్రం వైపు చూపించారు. ఇరవై రెండు చేతులు, ఒక్కటి కూడా పక్కకి పోలేదు. ఆవిడ మెచ్చుకోలుగా నా వైపు చూసి రాసుకుంది. నాకు కళ్ళు చెమర్చాయి. గోడ మీద నాన్న లేచి, టోపీ పెట్టుకుని, ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆవిడ నివేదిక మీద పేపర్లో నాలుగు ముక్కలు పడ్డాయి. తీరం వెంట ఇంకో మూడు ఊళ్ళు మాకూ అలాంటి మెట్లు కావాలన్నాయి. వాటిలో ఒక ఊరివాళ్ళు ముగ్గురు, ఇద్దరు ఆడవాళ్ళూ ఒక మగాయనా, ఆగస్టు రెండో గురువారం చూడటానికి వస్తామని రాశారు. ఆటు పొద్దున పదింటికి. పోటు ఎక్కడం చూడటానికి సరిగ్గా సరిపోతుందని నేనే ఆ రోజు చెప్పాను.

ఆగస్టులో మా తీరానికి ఉల్లంకి పిట్టలు వేలల్లో వస్తాయి. ఆ పొద్దున అవి దిబ్బ మీద దిగి ఉన్నాయి. ఒక్కసారిగా లేచి, ఒక్కసారిగా తిరిగి, మళ్ళీ దిబ్బ మీదే వాలుతున్నాయి. ఎండ ఉన్నా పల్చగా పొగమంచు పట్టి ఉంది. వచ్చినవాళ్ళు ఫొటోలు తీసుకుంటున్నారు. నేను పొలుసుల మీద చేతులు వేయించి తడిమిస్తున్నాను, పిల్లల చేత పాట పాడిస్తున్నాను. పదకొండున్నర అవుతుండగా ఆ మగాయన దూరంగా చూపించి, ఆ పిల్లలు అంతదూరం వెళ్ళొచ్చా అని అడిగాడు.

దిబ్బ మీద రెండు చుక్కలు. పసుపు కోటు డెల్ఫీన్‌ది. పక్కనున్నది జెర్మెన్ కూతురు కొలెట్. తాడు కింద నుంచి దూరి, పిట్టల వెంట పడి వెళ్ళినట్టున్నారు. తాడు దాటినందుకు కోపమైతే వచ్చింది. కానీ ముందు నేను చేసిన పని ఏమిటో చెప్పాలి. తల వంచి అడుగుమెట్టు వైపు చూశాను. నీలం పలక ఎండకి మెరుస్తోంది.

"పన్నెండు పొడిగానే ఉంది. ఇంకా టైముంది" అన్నాను. నవ్వుతూ అన్నాను.

అప్పుడు నా పక్కనుంచి నాన్న దిగి వెళ్ళాడు. గోడ పక్కన పడి ఉన్న కర్ర ఒకటి తీసుకున్నాడు. పరుగెత్తలేదు, బురదలో పరుగెత్తితే కూరుకుపోతారు. ఒక్కో అడుగూ చదునుగా వేస్తూ నేరుగా పాయ వైపు నడిచాడు. ఈయనెవరు అని ఒకావిడ అడిగింది. మా నాన్న అన్నాను. ఆయన పాయ ఒడ్డున ఆగకుండా దిగాడు. మోకాళ్ళు మునిగాయి. నడుము మునిగింది. నేను ఇంకా మెట్ల మీదే నిలబడి ఉన్నాను. పన్నెండు ఇంకా పొడిగానే ఉంది.

నేను ఎలా దిగానో, తాడు ఎలా దాటానో గుర్తులేదు. పాయ దగ్గరికి వెళ్ళేసరికి నీళ్ళు చప్పుడు లేకుండా, కాఫీరంగులో, పక్కనుంచి వేగంగా పోతున్నాయి. నాన్న కొలెట్‌ని మెడ మీద ఎక్కించుకుని, కర్ర ఆనించుకుంటూ, ప్రవాహానికి ఏటవాలుగా వస్తున్నాడు. నేను నడుముల దాకా దిగి పిల్లని అందుకున్నాను. ఆ చలికి ఊపిరి ఆడలేదు.

"పట్టుకో. నువ్వు రాకు" అని వెనక్కి తిరిగాడు.

తన మనవరాల్ని దిబ్బ మీదే ఉంచి ముందు జెర్మెన్ కూతుర్ని తెచ్చాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. కొలెట్ చిన్నది, ఏడుస్తోంది. డెల్ఫీన్ ఏడవడం లేదు, ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడుతుంది. బహుశా అంతే లెక్క. రెండోసారి వచ్చేటప్పుడు నీళ్ళు ఆయన గడ్డం కింద ఉన్నాయి. డెల్ఫీన్ ఆయన నెత్తి పట్టుకుని కూర్చుంది. మధ్యలో ఒకచోట ఆయన ఆగిపోయాడు. ఎంతసేపు ఆగాడో, నాకు మాత్రం చాలాసేపు. కర్ర మళ్ళీ గుచ్చి, ఇంకో అడుగు వేశాడు. డెల్ఫీన్‌ని నా చేతుల్లో పెట్టాడు.

నలుగురం తిరిగి నడిచాం. నీళ్ళు మా మడమల వెంట వస్తున్నాయి. జెర్మెన్ ఎదురొచ్చి కొలెట్‌ని లాక్కుంది, నా వైపు చూడలేదు. నాన్న మెట్ల దాకా వచ్చి అడుగుమెట్టు మీద కూలబడ్డాడు. పైకి ఎక్కలేకపోయాడు. ఆయన బట్టల్లోంచి, బూట్లలోంచి నీళ్ళు కారి నీలం పలక మీదుగా పారాయి. ఆ రోజు పన్నెండో మెట్టుని మొదట తడిపింది సముద్రం కాదు.

డెల్ఫీన్ అది చూసింది. నా చంక దిగి, గట్టిగా పిలిచింది. "పన్నెండు తడిసింది. అందరూ పైకి!"

మెట్ల మీదున్న ఇరవైమంది పిల్లలూ పాట అందుకుని, తోసుకోకుండా, వరసగా, ఒక్కో అంకె చెబుతూ పైకి ఎక్కారు. ఎంత చక్కగా ఎక్కారో చెప్పలేను. గోడ మీదున్న ఆ ముగ్గురూ చప్పట్లు కొట్టారు. అదంతా తమకోసం మేం చేసి చూపించామనుకున్నారు.

నేను నాన్న పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. పెదాలు నీలంగా ఉన్నాయి. లేవదీయబోతే కూచోనీ అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన గొంతులో కోపం లేదు. వింత చూసినవాడిలా ఉన్నాడు.

"నువ్వు కూడా ఈ మెట్టునే చూశావు కదే" అన్నాడు.

తొమ్మిదో రోజున పోయాడు. గుండె ముందునుంచే బాగాలేదని, ఆ చలికి ఇంకా పాడైందని డాక్టరు చెప్పాడు. ఆసుపత్రిలో ఆయన నాతో మెట్ల మాట ఎత్తలేదు. బంగాళాదుంపలు తవ్వే వేళయిందని, ఉత్తరం కిటికీ సందులో గుడ్డ పెట్టమని, అలాంటివే చెప్పాడు. నేను తప్పు ఒప్పుకుందామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడో, వద్దన్నాడో తెలియదు.

అంత్యక్రియల తర్వాత ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో భోజనాలు పెట్టారు. ఊళ్ళో ప్రతి ఒక్కరూ వచ్చి నా చెయ్యి పట్టుకుని నాన్న ఎంత గొప్పవాడో చెప్పారు. జెర్మెన్ వచ్చి నన్ను కావలించుకుంది, కానీ కొలెట్‌ని నా బడికి మళ్ళీ పంపలేదు. అదే నిజాయితీ అనిపించింది. సెప్టెంబరు మొదట్లో కౌన్సిల్ సమావేశంలో లేచి, ఆ మెట్లు పగలగొట్టాలని అడిగాను. అధ్యక్షుడు ఎవరెట్ గారు దయగల మనిషి. నేను దుఃఖంలో ఉన్నానని అందరికీ చెప్పాడు. పిల్లలెవరికీ దెబ్బ తగల్లేదు కదమ్మా, పైగా పిల్లలు రూలు ఎంత బాగా పాటించారో వచ్చినవాళ్ళు కళ్ళారా చూశారు కదా అన్నాడు. తాడు ఇంకో మూరెడు ఎత్తు కట్టాలని, మెట్లకి ఆల్ఫే పేరు పెట్టాలని తీర్మానం చేశారు. వ్యతిరేకంగా చెయ్యెత్తింది నేనొక్కదాన్నే. మిగతా మూడు ఊళ్ళకీ కట్టొద్దని ఉత్తరాలు రాశాను. ఒక ఊరివాళ్ళు జవాబిచ్చారు. సంతాపం తెలిపి, పునాదులు అప్పటికే వేశామన్నారు.

ఆ జవాబు వచ్చిన మర్నాడు పట్టపగలు నాన్న సుత్తీ ఉలీ తీసుకుని వెళ్ళి నీలం పలకలు ఒక్కొక్కటే ఊడగొట్టాను. పన్నెండు నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళాను. ఎవరూ ఆపలేదు. చేపల కార్ఖానాలో పనివాళ్ళు బయటికొచ్చి నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయారు. పొలుసులు కూడా చెక్కేశాను. సాయంత్రానికి పన్నెండు బోడి సిమెంటు మెట్లు మిగిలాయి. నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఏదో చేశాననిపించింది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

ఆ తర్వాతి శనివారం ఆటు వేళ డెల్ఫీన్‌ని తీసుకుని వెనకపాయ దాకా నడిచాను. నాన్న నాకు చేసినట్టే చేద్దామనుకున్నాను. పాయకి అవతల, దిబ్బ మొదట్లో నిలబెట్టి, రెండు భుజాలూ పట్టుకుని ఊరివైపు తిప్పాను. చూడు, నీళ్ళు ముందు ఇక్కడికొస్తాయి, ఈ పాయలోకి, మన వెనక నుంచి కాదు, మనకీ ఇంటికీ మధ్యలోకి అని చెప్పాను. తాతయ్య ఇక్కడే నడిచాడని చెప్పాను. భయం పుట్టేలాగే చెప్పాను.

అది బుద్ధిగా విన్నది. తల ఊపింది. నేను చూపించిన పాయని మాత్రం చూడలేదు. దాని కళ్ళు పాయని దాటి, బురదని దాటి, గోడ మీద ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి. బోడి మెట్లని పైనుంచి కిందికి, ఒక్కటీ తప్పకుండా లెక్కపెడుతోంది.

మా కాళ్ళ ముందు పాయలో నీళ్ళు అప్పటికే కదలడం మొదలైంది. పద పోదాం అని చెయ్యి పట్టి లాగాను. అది కదల్లేదు. నా వైపు తలెత్తి చూసి, నాకు ధైర్యం చెబుతున్నట్టుగా నా చెయ్యి నొక్కింది.

"పన్నెండు పొడిగానే ఉందమ్మా" అంది. "ఇంకా టైముంది."